ఇచ్చిందా, గుర్తించిందా?

గూడూరు నుంచి భీముని పాదం జలపాతానికి వెళ్లేవాళ్ల ధ్యాసంతా నీళ్ల మీదే. దారిలో అడవి ఎక్కడ ఆగిందో, చేను ఎక్కడ మొదలైందో చూసేవాళ్లు తక్కువ. మహబూబాబాద్ జిల్లా ఏజెన్సీలో గొడవంతా ఆ గీత దగ్గరే. ఇవతల మక్క, పత్తి. అవతల ఫారెస్టోళ్ల హద్దురాళ్లు. నేల ఎవరిది?

ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ 1689లోనే దీనికో జవాబిచ్చాడు: ఎవరిదీ కాని నేలలో నీ చెమట కలిస్తే అది నీది, మిగతావాళ్లకూ సరిపడా మంచి నేల మిగిలితే చాలు. వినగానే అడవి నేలను సాగుచేసుకునే పోడు రైతు తరఫు వకీలే అనిపిస్తాడు. తొందరపడొద్దు. వేటాడినవాడికి జింక దక్కుతుంది గానీ అది తిరిగిన అడవి దక్కదన్నదీ ఆయన లెక్కే. అమెరికా ఆదివాసుల నేలలు ఆయన కంటికి బీళ్లు. ఇప్పపువ్వు, తునికాకు ఏరుకునే కోయ కుటుంబానికి లాక్ దగ్గర పట్టా దొరకదు.

2006 అటవీ హక్కుల చట్టం వేరే దారి పట్టింది. జరిగింది చారిత్రక అన్యాయమని పీఠికలోనే ఒప్పుకుంది. దాని పూర్తి పేరులో ఉన్నది హక్కులు 'ఇవ్వడం' కాదు, 'గుర్తించడం'. నన్నడిగితే తత్వమంతా ఆ మాటలోనే ఉంది. మనమేమో 'సర్కారు పట్టాలిచ్చింది' అంటాం. 2023 జూన్ 30న రాష్ట్రంలో సుమారు 4.06 లక్షల ఎకరాలకు పోడు పట్టాల పంపిణీ మొదలైనప్పుడూ అదే మాట. ఇచ్చారంటే దండం పెట్టాలి. గుర్తించారంటే, ఇన్నాళ్లూ ఎందుకు గుర్తించలేదని అడగొచ్చు.

ఆ హక్కు వారసులకు వస్తుంది, అమ్మడానికి లేదు. ఆలుమగలిద్దరి పేరా ఉంటుంది. భూమంటే గజం రేటే గుర్తొచ్చే బుర్రలకు, నాదీ అలాంటిదే, ఇది ఓ పట్టాన మింగుడుపడదు.

ఇక రుజువు సంగతి. గిరిజనులైతే 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉండాలి. గిరిజనేతర పేదలైతే దానికి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అడవినే నమ్ముకుని ఉన్నట్టు చూపాలి. లెక్కేస్తే 1930. నిజాం కాలం, ఉర్దూ కాగితాలు. ఏ కాగితమూ లేని ఎస్సీ, బీసీ కుటుంబం ఏం చూపాలి? నిబంధనల ప్రకారం ఊరి పెద్దల నోటిమాటను రాసుకున్నా సాక్ష్యమే. ఉపగ్రహ చిత్రం దానికి తోడు రావాలి గానీ దాని స్థానంలో కూర్చోకూడదని 2012 సవరణ చెబుతోంది. ముసలమ్మ జ్ఞాపకాన్ని జ్ఞానమనాలా, కాదా? విశ్వవిద్యాలయాల్లో సెమినార్లు పెట్టి తేల్చుకునే ప్రశ్న ఇది. ఇక్కడ గ్రామసభలో తేలాలి.

అడవి పక్షాన నిలబడేవాళ్లనీ కొట్టిపారేయలేం. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు వివాదం ఒక రేంజ్ అధికారి ప్రాణం తీసింది. మరి అందరికీ న్యాయమైన నియమం ఎలా రాయాలి? అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో ఒక ఊహ చెప్పాడు: నువ్వెవరివై పుడతావో తెలియకుండా నియమం రాయి. కోయవో, లంబాడీవో, గొర్లకాపరివో, జీతానికి అడవి కాసే గార్డువో, యాభై ఏళ్ల తర్వాత పాకాల అడవి నీడ కోసం వచ్చే పిల్లవో.

అలా రాయమంటే నేను ఎకరాలతో మొదలుపెట్టను. ఇదే చట్టంలో ఊరంతా కలిసి తన అడవిని కాపాడుకుని వాడుకునే సామూహిక హక్కు ఒకటుంది. పట్టాల సభల్లో దాని ఊసే వినపడదు.