లుకేమియా చికిత్సకు తొలి మార్గం: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు

బాలలకు వచ్చే రక్త క్యాన్సర్లలో అత్యధికంగా కనిపించే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా 1947 వరకు చికిత్స లేని వ్యాధిగా పరిగణింపబడేది. వ్యాధి నిర్ధారణ అయిన పిల్లలు కొద్ది వారాలు, మహా అయితే కొద్ది నెలలు మాత్రమే జీవించేవారు. నేడు మెరుగైన వైద్య వసతులు గల దేశాలలో ఈ వ్యాధికి గురైన ప్రతి పదిమంది పిల్లలలో సుమారు తొమ్మిదిమంది కోలుకొంటున్నారు. ఈ మార్పునకు నాంది పలికిన ఔషధం, భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన సంచాలకునిగా ఉన్న ప్రయోగశాల నుండి వెలువడింది. విశేషమేమంటే, ఆ పరిశోధన క్యాన్సర్‌ను ఉద్దేశించి ప్రారంభమైనది కాదు. రక్తహీనతకు మందు కనుగొనే ప్రయత్నంలోనే దానికి పునాది పడింది.

ఎర్ర రక్తకణాలు, తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. లుకేమియాలో పరిపక్వం చెందని తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగి మూలుగను ఆక్రమిస్తాయి. తత్ఫలితంగా ఎర్రకణాలు తగ్గి శరీరం పాలిపోతుంది, ప్లేట్‌లెట్లు తగ్గి రక్తస్రావం జరుగుతుంది, ఆరోగ్యకరమైన తెల్లకణాలు కొరవడి అంటువ్యాధులు చుట్టుముడతాయి. జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో 1847లో ఈ వ్యాధికి లుకేమియా అని నామకరణం చేశారు. పేరు పెట్టిన తరువాత నూరేళ్ళ పాటు వైద్యులు చేయగలిగినది మాత్రం స్వల్పమే.

రక్తహీనతకు సంబంధించిన కథ బొంబాయిలో మొదలైంది. బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ 1928లో ఆ నగరానికి వచ్చి, గర్భిణులలో, ముఖ్యంగా బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలలో కనిపించే తీవ్రమైన రక్తహీనతను అధ్యయనం చేశారు. వారి రక్తకణాలు సంఖ్యలో తక్కువగా, పరిమాణంలో పెద్దవిగా ఉండేవి. ఈస్ట్ సారం తినిపించగా వారు త్వరితగతిన కోలుకొన్నారు. ఆమె ఈ ఫలితాలను 1931లో ప్రకటించారు. ఈస్ట్‌లోని ఆ గుర్తుతెలియని పదార్థానికి విల్స్ కారకం అనే పేరు స్థిరపడింది. 1941లో అమెరికన్ శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుండి ఇటువంటి పదార్థాన్నే సేకరించి, ఆకు అనే అర్థం గల లాటిన్ పదం ఆధారంగా ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్నపుడు జాతీయోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురి కాగా, పూర్తిస్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలోనే తగిలింది. ఇద్దరు సోదరులు స్వల్ప వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఈ వ్యాధిలో పేగులు ఆహారంలోని పోషకాలను గ్రహించలేవు, రక్తహీనత ముదురుతుంది. సుబ్బారావు సైతం ఇదే వ్యాధికి గురై, ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకొన్నారు. ఆ పిదప కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు.

మామగారి సహాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన విరాళంతోను 1922లో ఆయన అమెరికా చేరుకొన్నారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన అనంతరం సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో చేరారు. శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వీరిరువురూ 1925లో ప్రకటించారు. దీనిని నేటికీ జీవరసాయన విద్యార్థులు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని వ్యవహరిస్తారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లపై వారి కృషి ఆ తరువాతిది. ఇంతటి పనిచేసినప్పటికీ హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి ఆయనకు దక్కలేదు. 1940లో న్యూయార్క్ సమీపంలోని పెర్ల్ రివర్‌లో గల లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళి, అనతికాలంలోనే పరిశోధన సంచాలకులయ్యారు.

సోదరులను బలిగొన్న వ్యాధికి మందు కనుగొనాలన్న పట్టుదల ఆయనను అక్కడ కూడా విడువలేదు. ఆయన పర్యవేక్షణలో రాబర్ట్ ఆంజియర్, స్టోక్‌స్టాడ్ తదితరులతో కూడిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ టామ్ స్పైస్ దీనిని రక్తహీనత రోగులకు ఇచ్చి సత్ఫలితాలు సాధించారు. స్ప్రూ రోగులకు కూడా ఇది ఉపకరించింది.

బోస్టన్ బాలల ఆసుపత్రిలో రోగనిర్ధారణ శాస్త్రవేత్త డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంయోగాలను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. మందగించిన మూలుగకు ఈ విటమిను జీవం పోసినట్లే లుకేమియాను కూడా సరిచేస్తుందని ఆశ. అయితే వ్యాధి తగ్గకపోగా, క్యాన్సర్ కణాల పెరుగుదల వేగం పుంజుకొన్నట్లు ఆయనకు తోచింది. వేరొకరైతే ఆ ప్రయత్నాన్ని అంతటితో విరమించేవారేమో. ఫార్బర్ దానిని తిరగవేసి ఆలోచించారు. ఫోలిక్ ఆమ్లం ఈ కణాలకు ఆహారమైతే, దానిని అడ్డగించే పదార్థం వాటిని పస్తు పెట్టాలి.

అటువంటి పదార్థాలు అప్పటికే లెడర్లీలో సిద్ధమవుతున్నాయి. ఫోలిక్ ఆమ్లం అణువులో ఒకచోట స్వల్ప మార్పు చేసి రసాయన శాస్త్రవేత్త డోరిస్ సీగర్ ఎమినోప్టెరిన్‌ను రూపొందించారు. చూడడానికి విటమినులాగే ఉండే ఈ అణువును కణంలోని ఎంజైము విటమినుగా భ్రమించి స్వీకరిస్తుంది. తాళంలో దూరి తిరగక ఇరుక్కుపోయిన మారు తాళంచెవి వలె అది ఎంజైమును పట్టివేస్తుంది. దాంతో కొత్త డి.ఎన్.ఏ. తయారీ ఆగిపోయి కణం విభజన చెందలేదు. ఆ ఎంజైము డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అని తరువాతి దశాబ్దంలో స్పష్టమైంది.

1947 డిసెంబరు 28న ఫార్బర్ తొలిసారిగా ఒక రెండేళ్ళ బాలునికి ఎమినోప్టెరిన్ ఇచ్చారు. తెల్లకణాల సంఖ్య తగ్గింది, బాలుడు లేచి నడిచాడు. 1948 జూన్ 3న వెలువడిన వైద్య పత్రికలో ఫార్బర్ బృందం 16 మంది పిల్లల వివరాలను ప్రకటించింది. వారిలో 10 మందిలో మెరుగుదల కనిపించింది. అది తాత్కాలికమైనదని వ్యాస శీర్షికలోనే పేర్కొనడం ఆ బృందం నిజాయితీకి నిదర్శనం. కొద్ది నెలలలో వ్యాధి తిరగబెట్టింది. మందు విషప్రభావం వలన పిల్లల నోళ్ళు పుండ్లు పడ్డాయి. అయినప్పటికీ రసాయన ఔషధంతో లుకేమియాను వెనుకకు నెట్టవచ్చునని రుజువైంది. ఆ వ్యాసం వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు తమ 53వ ఏట నిద్రలోనే కన్నుమూశారు. తరువాతి చికిత్సల ఫలితాలను చూసే అవకాశం ఆయనకు కలుగలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.

ఎమినోప్టెరిన్ స్థానాన్ని కొద్ది సంవత్సరాలలోనే దాని సన్నిహిత రూపమైన మెథోట్రెక్సేట్ ఆక్రమించింది. 1953లో గెర్‌ట్రూడ్ ఎలియాన్, జార్జ్ హిచింగ్స్‌ల మెర్కాప్టోప్యూరిన్ అందుబాటులోకి వచ్చింది. మన పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు మొక్క నుండి లభించిన విన్‌క్రిస్టిన్ 1960లలో తోడయింది. ఒక్కొక్క మందు విడిగా ఇస్తే వ్యాధి తప్పించుకొంటున్నదని, కలిపి ఇస్తే తప్పించుకోలేదని ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరీక్ నిరూపించారు. మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డాక్టర్ డొనాల్డ్ పింకెల్ మరొక రహస్యాన్ని ఛేదించారు. మందులు సరిగా చేరని మెదడు పొరలలో క్యాన్సర్ కణాలు దాగి తిరిగి వస్తున్నాయని గుర్తించి, ఆ ప్రాంతానికి రేడియేషన్‌ను, వెన్నులోకి నేరుగా మెథోట్రెక్సేట్‌ను ఇచ్చారు. 1960ల చివరిలో ఆయన చికిత్స పొందిన పిల్లలలో సుమారు సగం మంది పూర్తిగా కోలుకొన్నారు.

భారతదేశంలో 1980లలో ముంబయి టాటా మెమోరియల్, ఢిల్లీ ఎయిమ్స్, మద్రాసు అడయార్ క్యాన్సర్ సంస్థలు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ సహకారంతో ఎం.సి.పి.-841 అనే ఉమ్మడి చికిత్సా విధానాన్ని అమలు చేయగా కోలుకొనే పిల్లల సంఖ్య గణనీయంగా పెరిగింది. రోగి రక్షక కణాలనే మార్చి క్యాన్సర్‌పైకి పంపే కార్-టి చికిత్సలలో ఐ.ఐ.టి. బొంబాయి, టాటా మెమోరియల్ కృషి ఫలితమైన స్వదేశీ చికిత్స 2023లో అనుమతి పొందింది.

ఇంతటి ప్రగతి ఉన్నప్పటికీ మన ప్రాంతాలలో పిల్లలు కోల్పోతున్న అవకాశాలకు కారణం తరచుగా మందుల లోపం కాదు. మొదటి నెల చికిత్సతోనే జ్వరం తగ్గి, బిడ్డ ఆడుకోవడం చూసి, నయమైందని భావించి కుటుంబాలు ఊరికి తిరిగిపోతున్నాయి. వాస్తవానికి చికిత్స రెండు నుండి మూడు సంవత్సరాలు సాగుతుంది. చివరి దశలో ప్రతిదినం మెర్కాప్టోప్యూరిన్ మాత్రలు, వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ మాత్రలు వాడవలసి ఉంటుంది. చవకైన ఈ మాత్రలు ఆగిపోతే మిగిలిన కణాలు మరల విజృంభిస్తాయి. అటువంటి వ్యాధికి చికిత్స మొదటిదాని కంటె ఎంతో కష్టతరం.

తగ్గని జ్వరం, పాలిపోవడం, కారణం లేకుండా చర్మంపై నల్లని మచ్చలు, చిగుళ్ళ నుండి రక్తం, కాళ్ళ ఎముకల నొప్పి, మెడలో గడ్డలు కనిపిస్తే రక్తకణాల పరీక్ష చేయించాలి. అనుమానం కలిగితే మూలుగ పరీక్షతో నిర్ధారణ జరుగుతుంది. నిర్ధారణకు ముందు జ్వరానికో, నొప్పికో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించడం ప్రమాదకరం. స్టెరాయిడ్లు లుకేమియా కణాలను తాత్కాలికంగా తగ్గిస్తాయి గనుక పరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు. రక్తహీనత అని భావించి కారణం తేల్చుకోకుండా బలం మందులతో కాలం గడపడం కూడా ఇటువంటిదే.

కీళ్ళవాతం, సోరియాసిస్ రోగులు సైతం మెథోట్రెక్సేట్ వాడుతుంటారు. వారికి ఈ మాత్ర వారానికి ఒకరోజు మాత్రమే. పొరపాటున ప్రతిదినం వేసుకొంటే మూలుగ దెబ్బతిని ప్రాణాపాయం ఏర్పడుతుంది గనుక, ఏ వారం నాడు వేసుకోవాలో చీటీపై వ్రాయించుకోవాలి. గర్భిణులు ఈ మందు వాడరాదు. వారికి కావలసినది దీనికి మూలమైన ఫోలిక్ ఆమ్లమే. ఆరోగ్య ఉపకేంద్రాలలో ఇచ్చే ఐరన్ మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది.

లుకేమియా చికిత్స హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి తదితర సంస్థలలో లభిస్తుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం తెలంగాణలో అదే పేరుతోను, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతోను అమలులో ఉన్నది. అర్హత గల కుటుంబాలు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను సంప్రదించి, తొలి రక్తపరీక్షల నివేదికలను వెంట తీసుకొని వెళ్ళాలి.