అమ్మకానికి స్త్రీ అసహాయత

దుస్తులను అమ్మడానికి భయపడుతున్న స్త్రీ ముఖం ఎందుకు? ఫ్యాషన్ ప్రకటనల రంగాన్ని ఈ ప్రశ్న చాలాకాలంగా వెంటాడుతోంది. ఇటలీకి చెందిన డోల్చే అండ్ గబ్బానా సంస్థ 2007లో విడుదల చేసిన ప్రకటనలో ఒక పురుషుడు స్త్రీని నేలకు అదిమిపట్టి ఉండగా, మరికొందరు చుట్టూ నిలిచి చూస్తుంటారు. నిరసనలు చెలరేగడంతో సంస్థ దానిని ఉపసంహరించుకుంది. 2014లో ముంబయి ఛాయాగ్రాహకుడొకరు బస్సులో పురుషుల మధ్య చిక్కుకున్న యువతిని ఫ్యాషన్ చిత్రాలుగా మలిచారు. అవి 2012 నాటి ఢిల్లీ అత్యాచార ఘటనను తలపిస్తున్నాయని దేశవ్యాప్తంగా ఆగ్రహం వ్యక్తమైంది.

ఈ చిత్రాలలోని యువతులకు అది వృత్తి. బాధ అక్కడ నటన మాత్రమే. అండమాన్ జారవా స్త్రీలకు ఆ వెసులుబాటు సైతం లేకపోయింది. అర్ధనగ్నంగా ఉన్న జారవా యువతులను ఆహారం ఆశ చూపి నృత్యం చేయించిన వీడియోను 2012 జనవరిలో లండన్‌కు చెందిన ‘అబ్జర్వర్’ పత్రిక వెలుగులోకి తెచ్చింది. జారవా అభయారణ్యం గుండా సాగే అండమాన్ ట్రంక్ రోడ్డు అప్పటికే పర్యాటకులకు ‘మానవ సఫారీ’గా మారిందన్న విమర్శలు ఉన్నాయి. దారిలో జారవాలను చూడవచ్చునని కొందరు పర్యాటక నిర్వాహకులు ఆశ పెట్టడమూ ఆరోపణలకు గురైంది.

ఈ ధోరణి కొత్తది కాదు. 1890వ దశకంలో బ్రిటిష్ అధికారి మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అండమానీయులను, స్త్రీలతో సహా, గళ్ల తెర ముందు నిలబెట్టి ఫోటోలు తీశాడు. అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. నాడు శాస్త్ర పరిశోధన పేరిట సాగినది, నేడు వినోదం పేరిట సాగుతోంది. రెండు సందర్భాలలోనూ కెమెరా ముందున్న స్త్రీ అభిప్రాయంతో ఎవరికీ నిమిత్తం లేకపోయింది.

చట్టాలకు కొదవ లేదు. ప్రకటనలలో స్త్రీలను అసభ్యంగా, కించపరిచే విధంగా చిత్రించడాన్ని 1986 నాటి చట్టం నిషేధించింది. అయితే బాధను అందంగా చూపడం కించపరచడం అవుతుందా అన్నది ప్రతిసారీ వివాదంగానే మిగులుతోంది. అండమాన్ ఆదిమ తెగల రక్షణకు 1956లోనే నిబంధనలు వచ్చాయి. వీడియో ఉదంతం అనంతరం 2012లో వాటిని మరింత కఠినం చేశారు. అభయారణ్యంలోని రహదారిని మూసివేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించినప్పటికీ, ఆ తరువాతా వాహనాల బారులు ఆ దారిన సాగుతూనే వచ్చాయి.

చూసేవారు ఉన్నంతకాలం చూపించేవారు ఉంటారు. అండమాన్‌లో తెలుగువారు గణనీయ సంఖ్యలో స్థిరపడ్డారు. పర్యాటకులుగా వెళుతున్నవారూ అనేకులు. జారవాల దారిలో కెమెరాను సంచిలోనే ఉంచడం, స్త్రీ భయాన్ని అలంకారంగా వాడుకునే సరుకును కొనకపోవడం మన చేతిలోని పనులే. వాటికి ఏ కోర్టు ఆదేశమూ అక్కరలేదు.