తోలు సంచి ఎందుకు కుళ్ళదు?

పచ్చితోలు నీటిలో నానితే కొద్ది రోజుల్లో కుళ్ళిపోతుంది. మరి తోలు సంచి ఏళ్ళ తరబడి ఎలా నిలుస్తుంది? గోనెగండ్ల వైపు మెట్టనేలల్లో పెరిగే తంగేడును చూశారు కదా! దాని బెరడులోని టానిన్లు తోలులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులను పెనవేసి పట్టుకుంటాయి. సూక్ష్మజీవులు వాటిని తేలికగా విడగొట్టలేవు. తోలును పదును చేయడమంటే ఇదే.

ఇక సంచి కుట్టి చూద్దామా? చెప్పులు కుట్టేవారి దగ్గర మిగిలిన తోలుముక్కలు తెచ్చుకోండి. పెద్దల సాయంతో, ఆరెతో సమదూరాల్లో రంధ్రాలు చేయండి. ఒకే దారం రెండు కొసలకు రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలోనూ ఎదురెదురుగా దూర్చండి. ఒకవైపు దారం తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. 1837లో పారిస్‌లో గుర్రపు జీను సామానుతో మొదలైన హెర్మెస్ వారి ఖరీదైన చేతిసంచులకూ ఇదే కుట్టు! పట్టీకి పుస్తకాలు వేలాడదీసి పరీక్షించండి.