పరిశోధనకు ముందు ప్రశ్న

 

మన పిల్లలు ఇంజనీరింగో, నర్సింగో, కంప్యూటర్లో చదువుతామంటే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. ఎన్నేళ్ళ చదువో, ఎంత ఫీజో, తరువాత ఏ ఉద్యోగమో పక్కింటివారు కూడా చెప్పగలరు. కానీ ఎం.ఏ.లో రాజనీతిశాస్త్రమో, సమాజశాస్త్రమో, జర్నలిజమో చదివిన అమ్మాయి "పి.హెచ్.డి. చేస్తాను" అంటే ఇంట్లో ఎవరికీ మాట తోచదు. "ఇంకా చదువేనా? దానివల్ల ఏమొస్తుంది?" అన్నది పైకి అనకపోయినా అందరి ముఖాల్లోనూ కనబడుతుంది. అలా అడగడంలో తప్పు లేదు. సంగతి తెలుసుకోకుండా సరేనన్నా, వద్దన్నా నష్టపోయేది మాత్రం పిల్లలే.

నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పరిశోధన చేసినవాణ్ణి కాను. లెక్క చూసుకోవడం, కాగితం చూడనిదే మాట నమ్మకపోవడం నా వృత్తి నేర్పిన అలవాట్లు. ఆ రెండింటితోనే ఈ విషయాన్ని నాకు తెలిసినంతలో వివరిస్తాను.

పరిశోధన అంటే ఏమిటి?

ఎం.ఏ. వరకు ఇతరులు కనుగొన్నది మనం చదువుకుంటాం. పి.హెచ్.డి.లో ఇంతవరకు ఎవరూ సరిగా జవాబు చెప్పని ఒక ప్రశ్నకు ఆధారాలతో జవాబు చెప్పాలి. అందుచేత మొదట కావలసింది ప్రశ్న. చాలామంది పిల్లలు అంశం పట్టుకుని, అదే ప్రశ్న అనుకుంటారు.

"మహారాష్ట్రలోని తెలుగువారు" అన్నది అంశం. దాని మీద జీవితమంతా రాసినా తరగదు. "సోలాపూరు పద్మశాలి కుటుంబాల్లో మూడవ తరం వారు వార్తలు ఏ భాషలో చదువుతున్నారు? ఎన్నికలప్పుడు ఎవరి మాట నమ్ముతున్నారు?" అన్నది ప్రశ్న. ఇలా అడిగేసరికి ఎవరిని కలవాలో, ఏమి లెక్కపెట్టాలో, ఏ పాత పత్రికలు తిరగెయ్యాలో దానంతట అదే తెలుస్తుంది.

ఇద్దరు విద్యార్థులు వేసుకున్న ప్రశ్నలు

1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో అంబేద్కర్ న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1916 మే 9న, తన 25 ఏళ్ళ వయసులో, అక్కడి మానవశాస్త్ర సెమినారులో భారతదేశంలోని కులాల గురించి ఒక పత్రం చదివారు. ఒక కులం మరొక కులంతో కలవకుండా తరతరాలు విడిగా ఎలా నిలబడుతోందన్నది ఆయన వేసుకున్న ప్రశ్న. కులంలోపలే పెళ్ళి చేసుకోవాలన్న కట్టుబాటే దానికి మూలమని జవాబు చెప్పి, సతి, వితంతువులకు మళ్ళీ పెళ్ళి లేకపోవడం, బాల్యవివాహం ఆ కట్టుబాటును కాపాడిన పద్ధతులని వాదించారు. ఒక విద్యార్థి సెమినారు పత్రం అది. నూరేళ్ళు దాటినా ఇంకా చదువుతున్నారు.

ఆయన తరువాత లండన్ వెళ్ళారు. స్కాలర్‌షిప్పు గడువు తీరిపోవడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగిరావలసి వచ్చింది. బొంబాయిలోని సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్ళీ వెళ్ళారు. రూపాయి విలువను ఏ ఆధారం మీద నిలపాలి అన్న ప్రశ్న మీద రాసిన సిద్ధాంత గ్రంథానికి 1923లో లండన్‌లో డి.ఎస్‌సి. పట్టా పొందారు. డబ్బు అడ్డుపడి ఆగిన చదువు మళ్ళీ మొదలై పూర్తికావచ్చునని మన విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

రెండవ ఉదాహరణ సమాచార ప్రసారానికి సంబంధించినది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కొత్త హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం వచ్చింది. మంచి విత్తనమని తెలిసినా రైతులందరూ ఒకేసారి ఎందుకు వెయ్యలేదు? బ్రైస్ ర్యాన్ అనే సమాజశాస్త్ర ఆచార్యుడూ, నీల్ గ్రాస్ అనే పరిశోధక విద్యార్థీ ఈ ప్రశ్న తీసుకున్నారు. మొత్తం 259 మంది రైతుల నుంచి ఈ విత్తనం సంగతి మొదట ఎవరు చెప్పారు, ఎవరి మాట విని వేశారు అని వివరాలు సేకరించారు. 1943లో వెలువడిన ఆ అధ్యయనంలో తేలింది ఇది: విత్తనం సంగతి ఎక్కువమందికి మొదట చెప్పింది కంపెనీ అమ్మకందార్లు. కానీ నమ్మకం కలిగించి వేయించింది ఎక్కువగా పొరుగు రైతులు. సంగతి తెలియడం వేరు, నమ్మకం కలగడం వేరు అన్నమాట. ఆరోగ్య ప్రచారానికైనా, ఎన్నికల ప్రచారానికైనా ఈ తేడా పనికివస్తుంది. ఇంటింటికీ వెళ్ళి ఓపికగా అడిగితే ఎంత తెలుస్తుందో ఇందులో చూడండి.

వోచరు లేని ఎంట్రీ ఉండకూడదు

బ్యాంకులో వోచరు లేకుండా లెడ్జరులో ఒక్క అంకె వెయ్యనివ్వరు. సిద్ధాంత గ్రంథమూ అంతే. రాసిన ప్రతి మాటకూ జనగణన పట్టికో, పాత పత్రికో, శాసనసభ చర్చల ప్రతో, తాను స్వయంగా చేసిన ఇంటర్వ్యూయో వోచరుగా ఉండాలి. ఇతరుల వాక్యాలు ఎత్తిరాస్తే పట్టుకోవడానికి 2018లో యు.జి.సి. నిబంధనలు వచ్చాయి. పోలిక నూటికి 10 పాళ్ళు దాటితే తిరిగి రాయవలసి వస్తుంది. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

ఇంటర్వ్యూ ఇచ్చినవారి అనుమతి ముందే తీసుకోవాలి. వారి పేరు, ఇంటి గుట్టు బయట పెట్టకూడదు. ఖాతాదారు బ్యాలెన్సు బయటివారికి చెప్పకపోవడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

కాగితాలు భద్రపరచుకోవడం గురించి మైసూరులో పుట్టిన సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ అనుభవం చెప్పాలి. ఆయన 1948లో మైసూరు దగ్గరి ఒక గ్రామంలో ఉండి వివరాలు సేకరించారు. ఆ గ్రామానికి రాంపుర అని పేరు పెట్టి రాశారు. ఏళ్ళ తరబడి తీర్చిదిద్దుకున్న నోట్సు మూడు ప్రతులూ ఆయన గదిలోనే ఉండగా, 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో దుండగులు పెట్టిన మంటల్లో కాలిపోయాయి. ఆయన ఎక్కువ భాగం జ్ఞాపకం మీదే ఆధారపడి గ్రామం గురించి పుస్తకం రాశారు. అది 1976లో అచ్చయింది. అంతటి జ్ఞాపకశక్తి అందరికీ ఉండదు. మూడు ప్రతులు ఉంటే మూడు చోట్ల ఉంచుకోవాలి. ఒకటి కంప్యూటర్లో, ఒకటి ఈ-మెయిల్లో, ఒకటి ఇంట్లో.

ఎన్నేళ్ళు? ఏ అర్హత?

2022 నవంబరులో వచ్చిన యు.జి.సి. పి.హెచ్.డి. నిబంధనల ప్రకారం ముఖ్యమైన సంగతులు ఇవి.

1. రెండేళ్ళ పి.జి.లో 55 శాతం మార్కులుండాలి. నాలుగేళ్ళ డిగ్రీ చదివినవారికి 75 శాతం ఉంటే నేరుగా అర్హత ఉంది. ఎస్.సి., ఎస్.టి., క్రీమీలేయరు కాని ఓ.బి.సి., వికలాంగులు, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలవారికి 5 శాతం సడలింపు ఉంది.

2. కనీస కాలం మూడేళ్ళు. గరిష్ఠం ఆరేళ్ళు. ఆపైన మరో రెండేళ్ళు పొడిగించవచ్చు. మహిళలకూ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికీ ఇంకో రెండేళ్ళు అదనంగా ఇవ్వవచ్చు. ప్రసూతికీ, పిల్లల సంరక్షణకూ మొత్తం మీద 240 రోజుల వరకు సెలవు ఉంది.

3. ఎం.ఫిల్. కోర్సును ఈ నిబంధనలతో ఆపివేశారు. కాబట్టి అందులో చేరమని ఎవరైనా చెబితే చేరవద్దు.

నెట్ పరీక్ష సాధారణంగా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. 2024 నుంచి ఈ ఒక్క పరీక్షలోనే జె.ఆర్.ఎఫ్., అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, కేవలం పి.హెచ్.డి. ప్రవేశం అని మూడు రకాల ఫలితాలు ఇస్తున్నారు. భాషా సబ్జెక్టులు తప్ప మిగతా ప్రశ్నపత్రాలు ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటాయి. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ మీడియంలో చదివిన మన పిల్లలు శాస్త్ర పదాలను ఇంగ్లీషులో ముందునుంచీ సాధన చెయ్యాలి.

ఇంకొక మాట. ఓ.బి.సి. కేంద్ర జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. తాతగారి ఊరున్న రాష్ట్రంలో జాబితాలో ఉన్న కులం, మనం స్థిరపడిన రాష్ట్రపు జాబితాలో లేకపోవచ్చు. దరఖాస్తు పెట్టే ముందే చూసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోండి.

డబ్బు లెక్క

2023 జనవరి 1 నుంచి జె.ఆర్.ఎఫ్. నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ళ తరువాత ప్రగతి బాగుంటే నెలకు 42,000. గరిష్ఠంగా ఐదేళ్ళు. అంటే మొదటి రెండేళ్ళకు 8,88,000, తరువాతి మూడేళ్ళకు 15,12,000, మొత్తం 24 లక్షలు. నిబంధనల ప్రకారం ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. ఇంటినుంచి డబ్బు పంపనవసరం లేకపోవచ్చు. కానీ ఈ సొమ్ము ప్రతి నెలా ఒకటో తేదీకి జమ అవుతుందని లెక్క వేసుకోకండి. నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని బయలుదేరడం మంచిది.

జె.ఆర్.ఎఫ్. రానివారి లెక్క వేరు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో నాన్-నెట్ ఫెలోషిప్పు నెలకు 8,000 మాత్రమే. 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి కూడా డాక్టోరల్ ఫెలోషిప్పులు ఇస్తుంది. దాని ప్రకటనలు గమనిస్తూ ఉండాలి. ఏ ఆధారమూ లేకుండా అప్పుచేసి మాత్రం చేరవద్దని నా సలహా.

లెక్చరరు ఉద్యోగమే లక్ష్యమైతే ఇంకొకటి తెలుసుకోవాలి. 2023 జూలై 1 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి పి.హెచ్.డి. తప్పనిసరి కాదు. నెట్ గానీ, రాష్ట్రాల సెట్ గానీ చాలు. కాబట్టి కేవలం ఉద్యోగం కోసం ఐదారేళ్ళు పెట్టనక్కరలేదు. తనను వదలకుండా వెంటాడే ప్రశ్న ఒకటి ఉన్నవారికే పి.హెచ్.డి.

మన ఇళ్ళలో ఉన్న ఆస్తి

బరంపురంలో పెరిగిన మన పిల్లకు తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు వస్తాయి. హోసూరు పిల్లవాడికి తెలుగు, తమిళం, కన్నడం వస్తాయి. ఈ భాషలు రాని పరిశోధకులు దుబాసీని పెట్టుకుని చేసే పని మన పిల్లలు నేరుగా చెయ్యగలరు.

ప్రశ్నలకూ కొరత లేదు. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో సుమారు 36 లక్షలు, మహారాష్ట్రలో సుమారు 13 లక్షలు. ఈ అంకెలు మనుషుల లెక్క చెబుతాయి గానీ, వారిలో ఎందరికి తెలుగు చదవడం వచ్చో చెప్పవు. ఎవరైనా వెళ్ళి అడగాలి. తుంగభద్ర కాలువలు వచ్చాక సింధనూరు, గంగావతి ప్రాంతాల క్యాంపులలో స్థిరపడిన ఆంధ్ర రైతులు అక్కడి పంచాయతీ రాజకీయాల్లో ఎలా చోటు సంపాదించుకున్నారు? 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలో ఎందుకు మొదలుపెట్టారు, అక్కడ దాన్ని ఎవరు చదివారు? ఫ్రెంచి పాలన పోయాక యానాంలో బడి భాష ఎలా మారింది? ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. సంఘాల పాత మినిట్స్ పుస్తకాలను చెదలు తింటున్నాయి. పిల్లలు పదేళ్ళు ఆగి వెళితే అడగడానికి మనుషులుండరు, చూడడానికి కాగితాలుండవు.

ఇంట్లో చెయ్యవలసినది

తల్లిదండ్రులు "ఎప్పుడు అయిపోతుంది?" అని నెలనెలా అడిగే బదులు "ఈ ఆరు నెలల్లో ఏ అధ్యాయం పూర్తయింది?" అని అడగండి. ఆరు నెలలకొకసారి సలహా కమిటీ ముందు ప్రగతి చెప్పాలన్నది నిబంధనలోనే ఉంది. అమ్మాయి విషయంలో పెళ్ళి మాటలు వచ్చినప్పుడే పరిశోధన సంగతి అవతలివారికి స్పష్టంగా చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. నిబంధనలు అదనంగా ఇచ్చే రెండేళ్ళు ఉన్నా, ఇంట్లో సహకారం లేకపోతే అవి అక్కరకు రావు. సగంలో ఆగిన పరిశోధనకు పట్టా రాదు, పోయిన ఏళ్ళూ తిరిగిరావు.

విద్యార్థులు దరఖాస్తు పెట్టే ముందు ఒక చిన్న పని చెయ్యండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే శోధగంగలో లక్షలాది సిద్ధాంత గ్రంథాలను ఉచితంగా చదవవచ్చు. మీ సబ్జెక్టులో ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఆ రచయిత ప్రశ్న ఏమిటో, వోచర్లు ఏవో, జవాబు ఎక్కడ తేలిందో మూడు వాక్యాల్లో రాయండి. తరువాత మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసి ఇంట్లో అమ్మకు చదివి వినిపించండి. ఆమెకు అర్థమై "అవును, అది తెలుసుకోవలసిందే" అంటే, మీ ప్రశ్న కుదిరినట్లే. అప్పుడు గైడు కోసం వెతకండి.