నాట్ల వేళ నాన్న అమెరికా ప్రయాణం

"శ్రావణంలోనా? ఊడ్పులు ఎవరు చేయిస్తారే?"

షష్టిపూర్తి డాలస్‌లో మా ఇంట్లో చేద్దామని ఫోన్లో చెప్పినప్పుడు నాన్న అడిగిన మొదటి మాట ఇది. వీసా గురించి అడగలేదు, విమానం గురించీ అడగలేదు. ఆయన కృష్ణా డెల్టా రైతు. కాలువకు నీళ్లు వదిలాక నారు పోయించి, జులై, ఆగస్టుల్లో నాట్లు పూర్తి చేయించడం ఆయన ఏడాదిలో అసలైన పని. ఆ రోజుల్లో ఊరు దాటిన గుర్తు ఆయనకు లేదు. అమ్మ బెంగ వేరు. "కూతురింట్లో మూడు నెలలు తిష్ట వేస్తే ఊళ్లో ఏమనుకుంటారు?" అంది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరకడానికి మాకు నెల పట్టింది. చేను మా బాబాయి చూసుకుంటానన్నాడు. అమ్మ మాటకు మా అత్తగారే ఫోన్ చేసి, మా ఇంటికీ మీ ఇంటికీ తేడా ఏముంది వదినగారూ అని ఒప్పించారు.

అమ్మానాన్నల మొదటి అమెరికా ప్రయాణాన్ని అరవయ్యో ఏడుతోనో డెబ్బయ్యో ఏడుతోనో ముడిపెడుతున్న కుటుంబాలు మన సంఘంలో ఏటా పెరుగుతున్నాయి. వాళ్లకు పనికొస్తుందని మేము తెలుసుకున్నవీ, ఆలస్యంగా తెలిసినవీ ఇక్కడ రాస్తున్నాను.

అరవైకి అంత ప్రాముఖ్యం ఎందుకంటే, అది తెలుగు సంవత్సరాల చక్రం ఒక చుట్టు పూర్తయ్యే వయసు. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై పేర్లలో మనం పుట్టిన పేరు మళ్లీ వస్తుంది. దీని వెనక ఆకాశం లెక్క ఉంది. గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి సుమారు 12 ఏళ్లు, శనికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. పుట్టినప్పుడు ఏ రాశుల్లో ఉన్నారో అరవై ఏళ్లకు ఇద్దరూ దాదాపు అక్కడికే చేరతారు. నాన్న 1965లో, విశ్వావసు నామ సంవత్సరం శ్రావణంలో పుట్టారు. 2025 ఉగాదితో విశ్వావసు తిరిగి వచ్చింది. ఆ ఏడు దాటితే మరో అరవై ఏళ్ల దాకా అది రాదు. నాన్న చివరికి మెత్తబడింది ఈ మాటకే.

డెబ్బైకి భీమరథ శాంతి చేస్తారు. వెయ్యి పున్నములు చూసినవారికి సహస్ర చంద్ర దర్శనం. పున్నమికీ పున్నమికీ మధ్య సగటున 29.53 రోజులు కాబట్టి వెయ్యింటికి 29,530 రోజులు, అంటే 80 ఏళ్ల 10 నెలలు. ఆ వయసులో మొదటిసారి అమెరికా వచ్చే పెద్దలూ ఉన్నారు. వాళ్ల పిల్లలు ఒకటి గమనించాలి. ఇదివరకు 79 దాటినవారికి వీసా ఇంటర్వ్యూ నుంచి మినహాయింపు దొరికేది. 2025 సెప్టెంబరు నుంచి మొదటి వీసాకు వాళ్లూ స్వయంగా వెళ్లాల్సిందే.

వీసా దగ్గర మన ఇళ్లల్లో అపోహలు ఎక్కువ. సందర్శకుల వీసాకు ఆహ్వాన పత్రం తప్పనిసరి కాదు. పిల్లల జీతం కాగితాలు ఎంత మందంగా ఉన్నా, అధికారి చూసేది వచ్చేవాళ్లు తిరిగి వెళ్లడానికి వాళ్లకు ఊళ్లో ఏముంది అన్నదే. డీఎస్-160 దరఖాస్తు ఆన్‌లైన్లో నింపాలి. రుసుము మనిషికి 185 డాలర్లు. వేలిముద్రలు, ఫొటో ఒక రోజు, ఇంటర్వ్యూ మరో రోజు ఉంటాయి. ఒకప్పుడు మనవాళ్లు దీనికోసం చెన్నై వెళ్లేవారు. హైదరాబాద్ కాన్సులేట్ వచ్చాక ఆ తిప్పలు తప్పాయి. 2023 మార్చి నుంచి అది నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనంలో ఉంది. ఎందుకు వెళ్తున్నారని అడిగితే నాన్న తెలుగులో, "అరవై ఏళ్ల పండగ, అమ్మాయి చేస్తానంది. కోతలకు తిరిగొచ్చేస్తాను" అన్నారట. ఎవరూ నేర్పిన మాట కాదది. పెద్దలకు జవాబులు బట్టీ పట్టించకండి. వాళ్ల బతుకు వాళ్ల నోట సహజంగా వస్తుంది.

వీసా మీద పదేళ్ల గడువు ఉంటుంది. పదేళ్లలో ఎన్నిసార్లయినా ప్రయాణం చేయవచ్చన్నది దాని అర్థం. వచ్చిన ప్రతిసారీ ఎన్నాళ్లు ఉండవచ్చో ఇక్కడి విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తారు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. దిగిన వారంలోనే ఆన్‌లైన్లో చూసి కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకోవడం మంచిది. పాస్‌పోర్టులోని వీసా తేదీ చూసుకుని ధీమాగా ఉండిపోయి, తర్వాతి ప్రయాణానికి చిక్కులు తెచ్చుకున్నవారు నాకు తెలుసు.

సామాను సంగతి అమ్మది. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు బాగా కట్టి తేవచ్చు. మాంసం పచ్చళ్లు కుదరవు. పళ్లు, పచ్చి కూరగాయలు కుదరవు. విత్తనాలకు అనుమతి పత్రాలు కావాలి. అమ్మ చీర మడతల్లో కరివేపాకు పెట్టుకుంది. అది ఎందుకు కూడదో ఫోన్లో చెప్పాను. కరివేప నిమ్మ కుటుంబానికి చెందిన చెట్టు. నిమ్మ, నారింజ తోటలను తినేసే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగు కరివేప మీద కూడా బతుకుతుంది. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు దారుణంగా దెబ్బతిన్నాయి. ఈ మాట విన్న నాన్న తానే పెట్టె తెరిచి ఆ ఆకు తీసేశారట. తెగులు అంటే ఏమిటో రైతుకు ఒకరు చెప్పాలా? ఏదైనా అనుమానంగా ఉంటే ముందే అధికారికి చెప్పేయాలి. చెబితే మహా అయితే తీసి పారేస్తారు. దాచి దొరికితే జరిమానా.

మందులు మూడు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా, చేతి సంచీలోనే ఉండాలి. బీమా గురించి మాత్రం కొంచెం ఎక్కువగా చెప్పాలి. ఇక్కడి మెడికేర్ సందర్శకులకు వర్తించదు. సందర్శకుల కోసం అమ్మే బీమాలు రెండు రకాలు. ఒకటి ఒక్కో వైద్యానికి ముందే ఖరారు చేసిన పరిమితి వరకే ఇస్తుంది. నెల సొమ్ము తక్కువ, కానీ ఇక్కడి ఆసుపత్రి బిల్లు ముందు ఆ పరిమితి ఏ మూలకూ రాదు. రెండోది మొదట మనం కట్టాల్సిన కొంత మొత్తం పోను మిగతా ఖర్చులో ఎక్కువ భాగం భరిస్తుంది. అరవై దాటినవారికి ఈ రెండోదే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఎప్పటినుంచో ఉన్న బీపీ, షుగర్లకు మామూలు వైద్యం ఇవేవీ ఇవ్వవు. అవి ఉన్నట్టుండి ముదిరితే ఆదుకునే నిబంధన కొన్నింటిలో ఉంటుంది. దాని పరిమితి ఎంతో, ఏ వయసు దాకా వర్తిస్తుందో చదివి కొనాలి.

హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు. గల్ఫ్ మీదుగా డాలస్ వస్తే రెండో విమానమే దాదాపు 16 గంటలు. గంటకో రెండు గంటలకో లేచి నడవమని, నీళ్లు తాగమని చెప్పాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి 48 గంటల ముందే చక్రాల కుర్చీ అడిగి పెట్టాం. నాన్న దాని పక్కనే నడిచారు. మా చిరునామా, ఫోను నంబర్లు, మందుల పేర్లు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసిన కాగితం ఇద్దరి జేబుల్లోనూ ఉంచాం. దోహా, దుబాయి లాంటి చోట్ల పెద్దలకు అదే కొండంత ధైర్యం.

ఇక పండగ ఏ రోజు? మేము దాదాపు తప్పు చేయబోయింది ఇక్కడే. ఊళ్లో పురోహితులు జన్మ నక్షత్రం చూసి బుధవారం అని చెప్పి పంపారు. ఇక్కడి గుడిలో అర్చకులు మంగళవారం అన్నారు. ఎవరి లెక్కా తప్పు కాదు. చంద్రుడు ఒక నక్షత్రంలోకి వచ్చే క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే, గడియారాలే వేరు. నక్షత్రం ఊళ్లో మంగళవారం పొద్దున 10కి మొదలై బుధవారం పదకొండున్నర దాకా ఉందనుకోండి. వేసవిలో డాలస్ పదిన్నర గంటలు వెనక కాబట్టి ఇక్కడ అది సోమవారం రాత్రి పదకొండున్నరకు మొదలై, మంగళవారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు ముగుస్తుంది. సూర్యోదయానికి ఆ నక్షత్రం ఊళ్లో బుధవారం ఉంటే, ఇక్కడ మంగళవారం ఉంటుంది. అందుకే మనం ఉన్న నగరానికి గణించిన పంచాంగమే చూడాలి. సంకల్పంలో కూడా జంబూద్వీపం బదులు ఇక్కడ చాలామంది అర్చకులు క్రౌంచద్వీపం అంటారు. ఆ మాట చెవిన పడగానే నాన్న తలెత్తి నా వైపు చూశారు. ఎంత దూరం వచ్చారో ఆయనకు అప్పుడు తెలిసిందనుకుంటాను.

పని రోజున చేయలేమని శనివారానికి మార్చుకునేవారున్నారు. మేము హోమం, అభిషేకం నక్షత్రం రోజునే గుడిలో చేసి, భోజనాలు శనివారం పెట్టుకున్నాం. అద్దె హాళ్లలో నిప్పు రాజేయనివ్వరు కాబట్టి హోమానికి గుడే దారి. పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరుడి గుడి 1976లో, న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గణపతి గుడి 1977లో వెలిశాయి. అంతకుముందు వచ్చిన మనవాళ్లు తమ పెద్దల శాంతులు ఎక్కడ చేసుకున్నారో అని ఆ రోజు హోమగుండం ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాను. వాళ్లు చందాలు వేసుకుని కట్టిన దారిలోనే ఇప్పుడు ఇన్ని ఊళ్లల్లో గుళ్లు వచ్చాయి. ఇంకొక జాగ్రత్త: దిగిన పది రోజుల లోపు ముహూర్తం పెట్టకండి. ఒంటికి ఇక్కడి పగలూ రాత్రీ అలవాటు కావడానికి గంట తేడాకు ఇంచుమించు ఒక రోజు పడుతుంది.

నూటయాభై మందిని పిలవాలని నేను జాబితా రాశాను. నాన్న చూసి, "వీళ్లంతా నీ స్నేహితులు కదమ్మా" అని ఆరు పేర్లు చెప్పారు. శాన్ ఆంటోనియోలో కొడుకు దగ్గరుంటున్న చిన్ననాటి స్నేహితుడు, హ్యూస్టన్‌లో మా ఊరి మాస్టారి మనవరాలు, అలా. ఆరుగురూ వచ్చారు. జల్లెడ పట్టి కలశాల నీళ్లు పోసింది వాళ్లే. తర్వాత అమ్మ మెడలో నాన్న మళ్లీ తాళి కట్టినప్పుడు, ఆ చిన్ననాటి స్నేహితుడు మొదటి పెళ్లిలో తాను ఎక్కడ నిలబడ్డాడో అందరికీ చెప్పాడు.

పండగ అయ్యాక మొదలైంది అసలు పరీక్ష. ఎనిమిదికి మేము ఆఫీసుకు, పిల్లలు బడికి. సాయంత్రం దాకా ఇంట్లో ఇద్దరే. నడిచి వెళ్లడానికి ఒక టీ కొట్టు లేదు, పలకరించే అరుగు లేదు. అమ్మ పెరట్లో గోంగూర, దొండ పాదు చూసుకునేది. నాన్న రోజూ పొద్దున ఏడింటికి బాబాయికి ఫోన్ చేసేవారు. ఊళ్లో అప్పుడు సాయంత్రం ఐదున్నర, చేలోంచి ఇంటికొచ్చే వేళ. ఏ మడిలో నీళ్లు ఎంత ఉన్నాయో విన్నాకే ఆయన కాఫీ తాగేవారు.

నయాగరాకు టికెట్లు చూస్తుంటే మావారు అన్నారు, "మామయ్యగారికి జలపాతం కాదు, వరి చూపిద్దాం." ఆయన చెప్పేదాకా నాకు తట్టనందుకు ఇప్పటికీ నొచ్చుకుంటాను.

అమెరికాలో పండే వరిలో సగానికి దగ్గరగా ఒక్క ఆర్కాన్సాస్‌లోనే పండుతుంది. డాలస్ నుంచి టెక్సర్కానా, లిటిల్ రాక్ మీదుగా స్టట్‌గార్ట్ అనే చిన్న ఊరికి ఆరు గంటల దారి. ఆ ప్రాంతాన్ని గ్రాండ్ ప్రెయిరీ అంటారు. ఫుల్లర్ అనే రైతు లూసియానాలో వరి చూసి వచ్చి, 1904లో ఇక్కడ పండించి చూపాక అదంతా వరి దేశమైంది. రైతులే యజమానులుగా 1921లో పెట్టుకున్న రైస్‌లాండ్ సహకార సంస్థ ఈ ఊళ్లోనే ఉంది. ఆ గడ్డ మీది సేద్యం చరిత్ర చూపే మ్యూజియం కూడా ఉంది. నాన్న పాత నూర్పిడి యంత్రాల దగ్గర గంటన్నర నిలబడ్డారు.

ఆగస్టు చివర. మా ఊళ్లో నాట్లు అప్పుడే అయ్యాయి, ఇక్కడ కోతలు సాగుతున్నాయి. ఒక పొలం గట్టున కారు ఆపి అడిగితే ఆ రైతు కంబైన్ దిగి వచ్చాడు. నేను మాట మారుస్తుంటే ఇద్దరూ ముప్పావు గంట మాట్లాడుకున్నారు. ఇక్కడ నారు పోయరు, నాట్లు ఉండవు. వసంతంలో పొడి దుక్కిలో యంత్రంతో విత్తనం వేసి, మొక్క నాలుగైదు ఆకులు తొడిగాక నీళ్లు కడతారు. నీళ్లు ఎక్కువగా భూమిలోంచి తోడినవే. ఎకరాకు రాష్ట్రం సగటు ఇంచుమించు 7,500 పౌన్లు. నాన్న నేల మీద పుల్లతో లెక్క వేసి, "మన డెబ్బై ఐదు కిలోల బస్తాలు నలభై ఐదు" అన్నారు. తర్వాత ఆ రైతును అడగమన్న ప్రశ్న: భూమిలో నీళ్లు ఏటేటా దిగిపోతున్నాయా? దిగిపోతున్నాయని ఆయన తల ఊపాడు. నాన్న ఒక కంకి అరచేతిలో నలిపి గింజ కొరికి చూసి, ఊక ఊదేశారు. అరవై ఏళ్ల పండగలో ఆయన ముఖం అంత వెలిగింది నేను అక్కడే చూశాను.

అక్టోబరులో వెళ్లిపోయారు. చెప్పినట్టే, కోతలకు ముందే.

షష్టిపూర్తి భర్త వయసును బట్టి చేస్తాం. అమ్మ అరవయ్యో ఏడు ఎవరి లెక్కలోకీ రాదు. ఆమె పుట్టిన సౌమ్య నామ సంవత్సరం 2029లో తిరిగి వస్తుంది. వీసా అప్పటికి ఇంకా చెల్లుతుంది. ఈసారి నీ పండగ, నీకేం చూడాలనుందో చెప్పమని మొన్న ఫోన్లో అడిగాను. ఆలోచించి చెబుతానంది. రెండు రోజుల తర్వాత తనే చేసింది.

"రోజూ ఎనిమిదింటికి బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయేదానివి కదే. నువ్వు కూర్చునే ఆ గది చూపించు."