ఎయిర్‌గన్‌కి ఏ గుండు? ఎలుక సంగతి వేరు, కుందేలు సంగతి వేరు

సింధనూరు వైపు క్యాంపు నుంచి ఒక తమ్ముడు గ్రూపులో వాయిస్ పెట్టాడు. "అన్నా, ఎయిర్‌గన్ కొన్నా. షెడ్డులో ఎలుకలు, తోటలో కుందేళ్లు, కముజు పిట్టలు. ఏ గుండ్లు తెప్పించమంటారు?" అని. కింద పదిమంది పది రకాలు చెప్పారు. అసలు అడగాల్సింది ఎవరూ అడగలేదు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు కుందేలు సంగతి తేల్చేద్దాం. దానికి ఏ గుండూ లేదు. కుందేలు, కముజు, పూరేడు, నెమలి అన్నీ 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కిందకొస్తాయి. 2022లో ఆ చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. చంపడమే కాదు, ఉచ్చు వేసినా, పట్టినా, పట్టబోయినా వేట కిందే లెక్క. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నెమలి అయితే మూడేళ్లకి తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా, జరిమానా కనీసం 25,000. "మా తోటలోకి వచ్చింది కదండీ" అంటే చెల్లదు. పంట నష్టం నిజంగా ఎక్కువైతే అటవీ శాఖకి అర్జీ పెట్టుకోవాలి, రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే అధికారం వాళ్లకుంది. కుందేలు కొరికేది లేత మొక్కల్ని, కత్తిరింపు తర్వాత కింద వచ్చే చిగుళ్లని. ఆ కొన్ని వారాలు రెండు మూడు అడుగుల ఎత్తు జాలీ, కింద సందు లేకుండా కట్టుకుంటే చాలు. మల్బరీ నడుం ఎత్తు పెరిగాక దాని గొడవ ఉండదు.

ఇక గన్ను. లైసెన్సు లేకుండా మనం ఉంచుకోగలిగేది 4.5 మిల్లీమీటర్ల గొట్టం, అంటే పాయింట్ 177 రకం, గుండు బయటికొచ్చే శక్తి 20 జూల్స్ దాటనిది. అరగ్రాము గుండు సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతే 10 జూల్స్. దగ్గర్లో ఉన్న ఎలుకకి అది సరిపోతుంది. అంతకు మించిన శక్తి షెడ్డు రేకులకే చేటు.

గుండ్లు డబ్బా మీద నాలుగు రకాలు కనబడతాయి. చదును మొనది, అంటే ఫ్లాట్, కాగితం మీద గుండ్రటి చిల్లు కొడుతుంది. పది పదిహేను మీటర్ల లోపు దెబ్బంతా అక్కడే దింపుతుంది, దూరం పెరిగేకొద్దీ గురి చెదురుతుంది. గుండ్రటి మొనది, డోమ్, గాలిని బాగా కోసుకుపోతుంది, దూరానికి అదే మెరుగు. గుంట మొనది తగిలాక విచ్చుకోవాలి, కానీ మన మామూలు స్ప్రింగు గన్ను వేగానికి అది సరిగా విచ్చుకోదు, డబ్బులు ఎక్కువ, లాభం తక్కువ. సూది మొనది చూస్తే భయంకరంగా ఉంటుంది, కుర్రాళ్లు దాన్నే అడుగుతారు. నా మాట వింటే అది వద్దు. గురి అంత నిలకడగా ఉండదు, పైగా ఎలుకలోంచి అవతలికి దూసుకుపోతుంది. ఇనప గోళీలు అసలే వద్దు, రాయికో స్టాండుకో తగిలి మన కంటికే తిరిగొస్తాయి.

కాబట్టి షెడ్డు చుట్టూ ఎలుకలకి ఫ్లాట్, లేకపోతే డోమ్. ఏది అన్నది మీ గన్నే చెబుతుంది. రెండు రకాలూ ఒక్కో డబ్బా తెచ్చి, పది మీటర్ల దూరంలో కాగితం పెట్టి ఒక్కోటి ఐదు కొట్టండి. ఏ ఐదు చిల్లులు దగ్గర దగ్గరగా పడితే అదే మీ గుండు. ఖాళీ గన్ను మాత్రం పేల్చకండి, స్ప్రింగు పాడవుతుంది.

గుండ్లు సీసంతో చేసినవి. కొందరు నాలుగు గుండ్లు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కోటి తీసి వేస్తుంటారు. ఆ అలవాటు మానండి. వాటిని ముట్టిన చేత్తో మేత వేయకండి, సబ్బుతో కడుక్కోండి.

ఇప్పుడు అసలు మాట. పురుగు ఉన్నప్పుడు షెడ్డు లోపల గన్ను ఎత్తొద్దు. ఇది నా సొంత తప్పు నుంచి చెబుతున్నా. నాలుగో జ్వరం దాటిన రెండో రోజు రాత్రి, స్టాండు కింద ఎలుక కనబడితే కొట్టా. ఎలుక పోయింది. గుండు స్టాండు కాలికి తగిలి కిటికీ నెట్ చీల్చుకుని బయటికెళ్లింది. చీకట్లో ఆ చిల్లు నేను చూడలేదు. మూడో రోజుకి పురుగుల మీద నల్లమచ్చలు. ఉజీ ఈగకి ఒక్క దారి చాలు, ఒక్కో ఈగ వందల్లో గుడ్లు పెడుతుంది. ఆ పంటలో గూళ్లు ఎన్ని తీసి పారేశానో ఇంట్లో వాళ్లనడగండి. రెండు ఎలుకలు తినేదానికంటే పదింతలు పోగొట్టుకున్నా.

అంటే ఎలుకని వదిలేయమని కాదు. గూళ్లు కొరికి లోపలి ప్యూపా తింటుంది, చిల్లుపడ్డ గూడు రీలింగుకి పనికిరాదు. కానీ పంట మధ్యలో బోను వాడండి. గన్ను పంటకీ పంటకీ మధ్య, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, అదీ బయట, వెనకాల మట్టిగట్టు ఉన్న చోట. తలుపు కింద అంగుళం సందు ఉన్నా ఎలుక దూరుతుంది, ముందు అది మూయండి. ఎలుకల మందు షెడ్డు లోపల, ఆకు గదిలో పెట్టకండి.

చచ్చిన ఎలుకని చేత్తో ముట్టకండి, ఎలుక జ్వరం రావచ్చు. చేతికి కవరు తొడుక్కుని లోతుగా పాతిపెట్టండి. బయట పారేస్తే అందులో ఉన్న సీసం గద్దలకీ గుడ్లగూబలకీ పోతుంది, మన తోటలో ఎలుకల్ని పట్టేదే ఆ గుడ్లగూబ. నెత్తురు పడ్డ చోట 2 శాతం బ్లీచింగ్, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లతో కడగండి. లీటరు నీటికి 20 గ్రాముల బ్లీచింగ్, 3 గ్రాముల సున్నం.

ఉడుత, కాకి, ముంగిస జోలికి ఎయిర్‌గన్‌తో పోవద్దు. జెర్రిపోతు కనబడితే దాని దారిన దాన్ని పోనివ్వండి, ఎలుకలు దాని మేత.

తమ్ముడూ, కాగితం మీద ఏ డబ్బా బాగా పడిందో ఫోటో తీసి గ్రూపులో పెట్టు. మిగతావాళ్లు ఈ రాత్రికే టార్చి పట్టుకుని కిటికీ నెట్లు ఒకసారి చూసుకోండి.