సైటు ఎవరింట్లో అద్దెకుంది?

2021 మార్చి 10న అర్ధరాత్రి దాటాక, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో, సైట్లకు సర్వర్లు అద్దెకిచ్చే ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ అంటుకుంది. తెల్లారేసరికి అయిదంతస్తుల భవనం మసిబొగ్గయింది. ప్రాణనష్టం లేదు కానీ, నెట్‌క్రాఫ్ట్ సంస్థ లెక్క ప్రకారం దాదాపు 36 లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. ‘రస్ట్’ అనే ఆన్‌లైన్ ఆటకు చెందిన ఐరోపా సర్వర్లు 25 బూడిదయ్యాయి. పోయిన డేటా ఇక రాదని ఆ ఆట తయారుచేసినవాళ్లే ప్రకటించారు.

బ్యాకప్ ఉందన్న ధీమాతో నిద్రపోయినవాళ్లూ నష్టపోయారు. బ్యాకప్ ఉన్నమాట నిజమే. కొందరిది ఆ ఆవరణలోనే ఉంది.

హోస్టింగ్, అంటే సైటుకు సర్వర్‌లో అద్దె జాగా, కొనేవాళ్లకు ఈ సంగతులేవీ తట్టవు. ధర ఒక్కటే కనిపిస్తుంది. ఆ ధరేమో కొత్త అల్లుడి మర్యాద లాంటిది, మొదటి పండక్కే. రెండో బిల్లులో రెన్యువల్ రేటు రెండు మూడింతలు కావడం ఈ వ్యాపారంలో మామూలే. దానిపైన 18 శాతం జీఎస్టీ. అందుకని కొనేముందు చూడాల్సింది ఆఫర్ రేటు కాదు, రెన్యువల్ రేటు.

షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే ఇంట్లో పది వాటాలు, అందరికీ ఒకటే బోరు. పక్క వాటాలో పెళ్లయితే మన కుళాయి సన్నబడుతుంది. వీపీఎస్‌లో (వర్చువల్ ప్రైవేట్ సర్వర్) ఎవరి మీటరు వాళ్లదే, రిపేర్లు కూడా వాళ్లవే. క్లౌడ్‌లో వాడినంతకే బిల్లు, అయితే మీటరు మీద ఓ కన్నుండాలి. పచ్చళ్ల దుకాణానికో, కాలనీ సంఘానికో షేర్డ్ చాలు. అంతకుమించి అమ్మజూపేవాణ్ని కాస్త అనుమానించాల్సిందే.

‘అన్‌లిమిటెడ్’ అన్న మాటనూ అలాగే చూడాలి. నిబంధనల్లో ఓ మూల ‘ఐనోడ్’ పరిమితి దాక్కుని ఉంటుంది. అంటే ఎన్ని ఫైళ్లు పెట్టుకోవచ్చన్న లెక్క. సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్‌లో ఒక్క ఆవకాయ జాడీ ఫొటో ఎక్కిస్తే అది చిన్నా పెద్దా సైజుల్లో నాలుగైదు ఫైళ్లవుతుంది. మెయిల్ పెట్టెలో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. జాగా ఖాళీగానే ఉన్నా లెక్క నిండిపోతుంది.

99.9 శాతం అప్‌టైమ్ అన్నారంటే, ఏడాదిలో ఎనిమిదిన్నర గంటలకు పైగా సైటు పడిపోయినా మాట తప్పినట్టు కాదు. ఆ గంటలు సంక్రాంతి ఆర్డర్ల రోజునే రావచ్చు.

సర్వర్ ఏ ఊళ్లో ఉందన్నదీ అడగాలి. ఫైబర్ తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి రావడానికి సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది, ఒక్క పేజీ తెరుచుకోవడానికి అలాంటి రాకపోకలు చాలా జరుగుతాయి. అమెజాన్ క్లౌడ్ 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాద్‌లో కొలువుదీరింది కాబట్టి ఇక్కడి కొనుగోలుదారులకు దూరం బాధ తగ్గింది. డాలస్ తెలుగువాళ్ల కోసం నడిపే సైటుకు మాత్రం లెక్క తిరగబడుతుంది.

డోమైన్ పేరుది, అంటే సైటు చిరునామాది, వేరే కథ. సైటు కట్టిన కుర్రాడు తన మెయిలు, తన ఫోను నంబరు ఇచ్చి దాన్ని రిజిస్టర్ చేస్తాడు. రెండేళ్లకు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. రెన్యువల్ హెచ్చరికలు, ఓటీపీలు అతని వెంటే వెళతాయి. దుకాణం బోర్డు మీద పేరు యజమానిది, కాగితాల్లో ఇంకొకరిది. పేరు ఒకచోట, హోస్టింగ్ ఇంకోచోట, రెండూ యజమాని మెయిలు మీదే ఉంటే, నచ్చనినాడు ఇల్లు మారడం సులువు.

మారేరోజుకు చేతిలో కాపీ ఉండాలి, అదీ పూర్తి కాపీ. నెలకోసారి ఫైళ్లన్నీ జిప్ చేసి లాప్‌టాప్‌లో దాచుకునే జాగ్రత్తపరులు కూడా ఒకచోట బోల్తా పడతారు. వర్డ్‌ప్రెస్‌లో ఫొటోలు ఫోల్డర్లలో ఉంటాయి, రాసిన మాటలు, ధరలు, ఆర్డర్లు డేటాబేస్‌లో ఉంటాయి. దాన్ని విడిగా దించుకోకపోతే, అవసరమైన రోజున జిప్ విప్పగానే జాడీల బొమ్మలు వరసగా కనిపిస్తాయి. ఏది గోంగూరో, ఏది మాగాయో చెప్పే ఒక్క అక్షరమూ ఉండదు.